కంపెనీ మొత్తానికి నష్టం, బ్రాంచికి మాత్రం లాభం అంటూ పన్ను నోటీసు: ఇది న్యాయమేనా?

శాఖలెక్కలు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను ఒక విదేశీ కంపెనీ బ్రాంచి ఆఫీసులో అకౌంట్స్ చూస్తున్నాను. కంపెనీ ప్యాకింగ్ యంత్రాలు తయారు చేస్తుంది. ఫ్యాక్టరీ, హెడ్డాఫీసు రెండూ వేరే దేశంలో ఉన్నాయి. ఇక్కడ మా పని విడిభాగాలు అమ్మడం, యంత్రాలు బిగించడం, చెడిపోతే బాగుచేయడం. ఇక్కడ విడిగా కంపెనీ ఏదీ పెట్టలేదు, బ్రాంచిగానే నమోదై ఉన్నాం.

ఏటా లెక్కలు ముగించే వేళకి హెడ్డాఫీసు నుంచి మూడు డెబిట్ నోట్లు (ఇంత ఖర్చు మీ లెక్కలో రాసుకోండి అనే కాగితాలు) వస్తాయి. అసలు అంకెలు చెప్పలేను కాబట్టి సులువుగా ఉండేలా మార్చి చెబుతున్నాను. అమ్మకాలు, సర్వీసు కలిపి రాబడి 1000. హెడ్డాఫీసు పంపిన విడిభాగాల ఖరీదు 600. ఇక్కడి జీతాలు, అద్దె, ప్రయాణాలు 250. మిగిలేది 150. దాని మీద పడే డెబిట్ నోట్లు ఇవి: హెడ్డాఫీసు పరిపాలన ఖర్చుల్లో మా వాటా 60, బ్రాండు పేరు వాడుకున్నందుకు రాయల్టీ 40, బ్రాంచి నడపడానికి పంపిన డబ్బు మీద వడ్డీ 70. మొత్తం 170. అంటే 20 నష్టం. అలాగే రిటర్ను వేశాం.

ఇప్పుడు నోటీసు వచ్చింది. రాయల్టీ, వడ్డీ రెండూ ఖర్చుగా ఒప్పుకోబోమని అందులో ఉంది. 60కి ఆధారాలు చూపమన్నారు. పైగా హెడ్డాఫీసు ఇక్కడి ఫ్యాక్టరీలకు నేరుగా అమ్మిన పెద్ద యంత్రాల లాభంలో కూడా బ్రాంచికి వాటా ఉందంటున్నారు. ఆ ఇన్‌వాయిస్‌లు మా పేరు మీద లేవు, డబ్బు మా ఖాతాలోకి రాలేదు.

మా ఫైనాన్స్ డైరెక్టర్ అక్కడి నుంచి ఒకటే మాట చెబుతున్నారు. కంపెనీ మొత్తం మీద నష్టాల్లో ఉంది, బ్రాంచి నుంచి హెడ్డాఫీసుకు చిల్లిగవ్వ కూడా పంపలేదు, ఇక పన్ను దేని మీద అని. జవాబు నేనే రాయాలి. ఈ వాదన నిలబడుతుందా? దేన్ని గట్టిగా పట్టుకోవాలి, దేన్ని వదిలేయాలి?

సరిహద్దు:

మీరున్నది ఏ దేశమో చెప్పకపోయినా ఫర్వాలేదు, మొదటి మెట్లు దాదాపు అన్నిచోట్లా ఒకటే.

విదేశీ కంపెనీ వ్యాపార లాభం మీద పన్ను వేయాలంటే ఆ దేశంలో ఆ కంపెనీకి స్థిరమైన వ్యాపార స్థానం ఉండాలి. పన్ను ఒప్పందాల భాషలో పర్మనెంట్ ఎస్టాబ్లిష్‌మెంట్, అందరూ పీఈ అంటారు. బ్రాంచి ఆఫీసు పీఈ అవుతుందని దేశాలు మాదిరిగా వాడుకునే ఓఈసీడీ (ఆర్థిక సహకార అభివృద్ధి సంస్థ) నమూనా ఒప్పందం 5వ అధికరణంలో పేరు పెట్టి మరీ రాశారు. కేవలం సమాచారం సేకరించడం, సరుకు ప్రదర్శనకు ఉంచడం లాంటి సహాయక పనులే చేసే ఆఫీసుకి మినహాయింపు ఉంది. మీరు అమ్ముతున్నారు, బాగుచేస్తున్నారు, బిల్లు వేస్తున్నారు. కాబట్టి "మేం పీఈ కాదు" అనే వాదన జోలికి వెళ్లకండి, ఆఫీసర్ దగ్గర మీ మాట విలువే తగ్గుతుంది.

మీ రెండు దేశాల మధ్య ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం ఉందేమో చూడండి. ఉంటే వ్యాపార లాభాల గురించి చెప్పే దాని 7వ అధికరణం పూర్తి పాఠం దింపుకోండి. మీ కేసు మొత్తం అందులోనే ఉంటుంది.

పాతలెడ్జర్:

శాఖలెక్కలు గారూ, నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం విదేశీ కంపెనీల బ్రాంచి పుస్తకాలు ఆడిట్ చేయడంలో, వాటి అప్పీళ్లకు కాగితాలు సిద్ధం చేయడంలో గడిచింది. మీ మూడు డెబిట్ నోట్లూ నాకు బాగా తెలిసిన చుట్టాలే. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు మీ డైరెక్టర్ గారి మాట. "కంపెనీకే నష్టం, బ్రాంచికి లాభం ఎక్కడిది" అనే వాదన వినడానికి న్యాయంగా ఉంటుంది, నిలబడదు. మీ కంపెనీ ప్రపంచమంతా కలిపి ఎంత సంపాదించిందో బ్రాంచి ఉన్న దేశానికి అక్కర్లేదు. తన గడ్డ మీద జరిగిన పనికి ఎంత మిగిలిందో అదే అడుగుతుంది. అక్కడి ఫ్యాక్టరీ సగం సామర్థ్యంతో నడిచి నష్టం తెచ్చిందనుకోండి, ఇక్కడ మీ మెకానిక్ బిగించిన యంత్రానికి వచ్చిన సర్వీసు డబ్బు అందువల్ల మాయమవదు కదా. దీన్నే తిరగేసి చూడండి. కంపెనీ లోకమంతటా లాభాలు గడించి మీ బ్రాంచి ఒక్కటీ నిజంగా నష్టపోయిన ఏడాది, ప్రపంచ లాభంలో వాటా కట్టమని ఇక్కడి ఆఫీసర్ అడిగితే మీ డైరెక్టర్ ఒప్పుకుంటారా? రెండు వైపులా ఒకే నియమం ఉండాలి.

భారతదేశంలో ఇదే వాదన ఢిల్లీ హైకోర్టు విస్తృత ధర్మాసనం దాకా వెళ్లింది. దుబాయ్‌లో నమోదైన హయత్ హోటళ్ల నిర్వహణ కంపెనీ కేసు అది. కంపెనీకి మొత్తం మీద నష్టం వచ్చినా పీఈకి చెందే లాభం మీద పన్ను వేయవచ్చని 2024 సెప్టెంబరులో తీర్పు వచ్చింది. వేరే దేశంలో ఆ తీర్పు ఎవరినీ కట్టడి చేయదు, కానీ అందులోని తర్కం ఎక్కడైనా ఎదురవుతుంది.

బ్రాంచిని ఇలా విడిగా చూసే పద్ధతికి దాదాపు నూరేళ్ల వయసుంది. నానాజాతి సమితి కాలంలో కొన్ని దేశాలు కంపెనీ మొత్తం లాభాన్ని అమ్మకాలనో ఆస్తులనో కొలతగా పెట్టుకుని పంచేవి, మరికొన్ని బ్రాంచి పుస్తకాలు చూసేవి. మిచెల్ కారల్ అనే అమెరికన్ న్యాయవాది ఎన్నో దేశాల పద్ధతులు పరిశీలించి నివేదిక ఇచ్చాక, బ్రాంచిని స్వతంత్ర వ్యాపారంగా ఊహించి లాభం కట్టాలన్న సూత్రం ఆ సమితి 1933 ముసాయిదా ఒప్పందంలోకి ఎక్కింది. ఇప్పటి 7వ అధికరణానికి తల్లివేరు అదే. నా మట్టుకు అది మంచి సూత్రం. చిన్న బ్రాంచికి అది రక్షణ కూడా.

"డబ్బు పంపలేదు" అన్నది రెండో మాట. లాభం పుట్టినప్పుడు పన్ను పడుతుంది, సరిహద్దు దాటినప్పుడు కాదు. పంపడానికీ పన్నుకీ ముడి ఉన్న చోటు ఒకటుంది, అది మామూలు పన్నుకి అదనంగా వచ్చే రెండో అంచె. అనుబంధ కంపెనీ (ఇక్కడే విడిగా పెట్టిన కంపెనీ) అయితే డివిడెండ్ పంపేటప్పుడు పన్ను కోస్తారు, బ్రాంచికి డివిడెండే ఉండదు, ఆ తేడా పూడ్చడానికి కొన్ని దేశాలు బ్రాంచి లాభాల పన్ను పెట్టాయి. అమెరికా 1986 సంస్కరణలో 30 శాతంగా తెచ్చింది, ఒప్పందాలున్న దేశాలకు తగ్గుతుంది. కెనడాలో 25, ఇండోనేషియాలో 20, ఫిలిప్పీన్స్‌లో 15. ఫిలిప్పీన్స్‌లో పంపడానికి కేటాయించిన లాభం మీద పడుతుంది. ఇండోనేషియాలో లాభాన్ని అక్కడే తిరిగి పెట్టుబడి పెడితే మినహాయింపు దొరుకుతుంది. మీరున్న దేశంలో ఇలాంటిది ఉంటే "పంపలేదు" అన్న మాట ఆ రెండో అంచెకి దాచుకోండి, అక్కడ పనికొస్తుంది. మొదటి అంచె జవాబులో అది రాయకండి.

ఇక డెబిట్ నోట్లు.

రాయల్టీ 40 నిలబడటం కష్టం. బ్రాంచి, హెడ్డాఫీసు చట్టం దృష్టిలో ఒకే మనిషి. బ్రాండు మీ కంపెనీది, బ్రాంచి కూడా మీ కంపెనీయే. తన పేరు తాను వాడుకున్నందుకు తనకు తాను అద్దె కట్టుకోవడం ఖర్చు ఎలా అవుతుంది? ఐక్యరాజ్యసమితి నమూనా 7వ అధికరణం మూడో పేరాలో ఇది నేరుగా ఉంది. బ్రాంచి హెడ్డాఫీసుకు చెల్లించిన రాయల్టీ, ఫీజు, కమిషను తీసేయడానికి వీల్లేదు, బయటివాళ్లకు నిజంగా పెట్టిన ఖర్చు తిరిగి ఇచ్చినదైతే తప్ప. వర్ధమాన దేశాల ఒప్పందాల్లో ఎక్కువగా ఈ పేరాయో, దీనికి దగ్గరగా ఉన్నదో కనిపిస్తుంది. ఓఈసీడీ మాత్రం 2010లో దారి మార్చింది. బ్రాంచినీ హెడ్డాఫీసునీ విడివిడి సంస్థలుగా ఊహించి, వాటి మధ్య జరిగే లావాదేవీలను కూడా మార్కెట్ ధరకి లెక్కగట్టవచ్చంది. మీ ఒప్పందం 2010 తర్వాత ఆ పాఠంతో రాసుకున్నదైతే రాయల్టీ గురించి మాట్లాడటానికి చోటుంటుంది. పాతదైతే వదిలేయండి. ఒక్కటి మాత్రం చూడండి: ఆ 40లో మూడో కంపెనీకి కట్టిన పేటెంట్ ఫీజు ఏమైనా కలిసి ఉందా? ఉంటే, మీరు అమ్మే విడిభాగాలకి సంబంధించినంత మేరకు దాన్ని విడదీసి అడగవచ్చు.

వడ్డీ 70 దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. హెడ్డాఫీసు పంపిన డబ్బు ఎక్కడిదన్నదే ప్రశ్న. సొంత మూలధనం అయితే దాని మీద వడ్డీ లేదు, అప్పు పేరు పెట్టినా రాదు. బయట బ్యాంకులో అప్పు తెచ్చి దాన్నే బ్రాంచికి మళ్లించి ఉంటే, ఆ బ్యాంకుకి కట్టిన వడ్డీలో మీ వంతు అడగడం న్యాయం. దానికి అప్పు ఒప్పందం, డబ్బు కదిలిన బ్యాంకు స్టేట్‌మెంట్, బ్యాంకు వేసిన వడ్డీ లెక్క, ఈ మూడూ కావాలి. హెడ్డాఫీసు తనంతట తాను ఒక రేటు వేసి పంపిన కాగితం ఏ ఆఫీసరూ చూడడు, చూడనక్కర్లేదు కూడా.

ఎవరైనా నాట్‌వెస్ట్ కేసు చూపి ధైర్యం చెబుతారేమో, అందుకే ముందే చెబుతున్నాను. ఆ బ్రిటిష్ బ్యాంకు అమెరికా బ్రాంచీల వడ్డీ ఖర్చుని అమెరికా ప్రభుత్వం తన ఫార్ములాతో తగ్గిస్తే, ఒప్పందం ప్రకారం బ్రాంచి పుస్తకాలే ఆధారమని బ్యాంకు పోరాడి 2008లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టులో గెలిచింది. 1981 నుంచి 1987 వరకు లెక్కల మీద నడిచిన తగాదా. కానీ బ్యాంకులది వేరే లోకం. వాళ్లకి డబ్బే సరుకు. ఐక్యరాజ్యసమితి నమూనా కూడా వడ్డీ విషయంలో బ్యాంకులకు మినహాయింపు ఇచ్చింది. యంత్రాల కంపెనీ ఆ తీర్పు మీద ఆనుకోలేదు.

పరిపాలన వాటా 60, మీరు గట్టిగా పట్టుకోవాల్సింది ఇదే. హెడ్డాఫీసులో మీకోసం నిజంగా పని జరుగుతుంది. మీ మెకానిక్‌లకు శిక్షణ ఇస్తారు, విడిభాగాల ఆర్డర్లు చూస్తారు, మీ లెక్కలు కలుపుతారు, సాఫ్ట్‌వేర్ నడుపుతారు. ఎక్కడ ఖర్చయినా బ్రాంచి కోసం ఖర్చయితే తీసేయవచ్చని పాత నమూనాల్లోనూ ఉంది, ఐక్యరాజ్యసమితి పాఠంలో ఇప్పటికీ ఉంది. అయితే కొన్ని దేశాల సొంత చట్టం దీనికి పైకప్పు వేస్తుంది. ఉదాహరణకి భారత ఆదాయపు పన్ను చట్టంలో 1976లో చేర్చిన 44సీ సెక్షన్, హెడ్డాఫీసు పరిపాలన ఖర్చుని సర్దుబాటు చేసిన మొత్తం ఆదాయంలో 5 శాతం దాటనివ్వలేదు. మీ దేశంలో అలాంటి కట్టు ఉందో లేదో, మీ ఒప్పందం దాన్ని అనుమతిస్తుందో లేదో చూసుకోండి.

ఆధారం అంటే ఏమిటో కూడా చెప్పాలి. హెడ్డాఫీసు ఆడిట్ అయిన లెక్కలు, అందులో ఏయే ఖర్చులు మూటగట్టారో ఆ జాబితా, ఏ కొలతతో పంచారో, ఆ కొలత అన్ని బ్రాంచీలకీ ఒకేలా వేశారని అక్కడి ఆడిటర్ ఇచ్చిన ధృవపత్రం. ఈ మూట విప్పి చూసే ఓపిక మీకుండాలి. నేను చూసిన ఒక కేసులో "కంప్యూటర్ ఖర్చులు" అన్న ఒక్క పద్దు కింద ఇంకో దేశపు ఫ్యాక్టరీలో స్టాకు నడిపే సాఫ్ట్‌వేర్ లైసెన్సు కూడా ఉంది. బ్రాంచికి దానితో ఏ సంబంధమూ లేదు. ఆఫీసర్ అది పట్టుకున్నాక మిగతా పద్దులన్నింటినీ అనుమానించాడు. అలాంటివి మీరే ముందు తీసేసి పంపితే మిగిలినదానికి బలం వస్తుంది.

మీ అంకెల్లోనే చూపిస్తాను. 60లో 45కి కాగితాలు దొరికాయనుకుందాం. వడ్డీలో బయటి బ్యాంకుకి కట్టినది 20 అనుకుందాం. రాయల్టీ సున్నా. 150లోంచి 65 పోతే 85 లాభం. ఆఫీసర్ దారిలో వెళితే, 60ని కూడా కొట్టేస్తే, 150. మీ రిటర్ను ప్రకారం 20 నష్టం. మీరు పోరాడాల్సింది 85 కోసం. ఆ 20 నష్టాన్ని కాపాడాలని చూస్తే 150 మీద పడతారు.

ఇంకో సంగతి, నోటీసులో లేకపోయినా రాబోయేది. విడిభాగాల ఖరీదు 600 ఎవరు పెట్టారు? మీ లెక్కంతటిలో పెద్ద అంకె అదే. ఇది హెడ్డాఫీసు నుంచి బ్రాంచికి వచ్చిన సరుకు, అమ్మకం కాదు. అయినా స్వతంత్ర డీలరుకైతే ఎంతకి ఇచ్చేవారో ఆ ధరే ఉండాలి. ఇతర దేశాల్లో డీలర్లకు ఇదే విడిభాగం ఏ ధరకి అమ్మారో ఆ జాబితా ఇప్పుడే తెప్పించుకోండి. కస్టమ్స్ దగ్గర చూపిన విలువనీ పక్కన పెట్టి పోల్చండి. ఒకే కంపెనీ తనకు తాను సరుకు పంపుకుంటే అందులో అమ్మకం లేదు కాబట్టి కస్టమ్స్ వాళ్లు ఇన్‌వాయిస్ ధరని యథాతథంగా తీసుకోరు, వేరే పద్ధతిలో విలువ కడతారు. అక్కడ 500 ఒప్పుకుని ఇక్కడ 600 ఖర్చు రాసి ఉంటే, ఆ తేడాకి కారణం అడిగే రోజు వస్తుంది. సుంకం, రవాణా, బీమా చేరితే తేడా రావచ్చు, అది కాగితం మీద కనపడాలి.

నేరుగా అమ్మిన యంత్రాల గురించి విడిగా రాస్తాను. ఆ అమ్మకాల్లో మీ వాళ్లు ఏం చేశారో ముందు చెప్పండి.

కొత్తదారి:

ఇంత తలనొప్పి ఎందుకండీ? బ్రాంచి మూసేసి అనుబంధ కంపెనీ పెట్టమనండి. రాయల్టీ ఒప్పందం అసలైనదవుతుంది, వడ్డీ అసలైనదవుతుంది. చాలా దేశాల్లో విదేశీ కంపెనీ రేటు కూడా ఎక్కువ. భారత్‌లో 2024 బడ్జెట్ దాకా 40 శాతం, తర్వాత 35, దేశీయ కంపెనీలకు అంతకన్నా తక్కువ. యూరప్‌లో అయితే ఇలాంటి తేడా చెల్లదని కోర్టే చెప్పింది. గ్రీసు ప్రభుత్వం విదేశీ బ్యాంకు బ్రాంచి మీద 40, తన బ్యాంకుల మీద 35 వేస్తే రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ వెళ్లి 1999లో గెలిచింది.

పాతలెడ్జర్:

కొత్తదారి గారూ, మీ మాటలో నిజముంది, కానీ ఈయన ముందున్న నోటీసు గడిచిపోయిన ఏడాది గురించి. రేపు కంపెనీ పెట్టినా నిన్నటి లెక్క బ్రాంచి లెక్కగానే తేలాలి.

రేపటికైనా తొందరపడి నిర్ణయించేది కాదు. బ్రాంచి ఆస్తులు, స్టాకు, కస్టమర్లు కొత్త కంపెనీకి మారితే ఆ బదిలీ మీదే పన్ను పడే దేశాలున్నాయి. అనుబంధ కంపెనీ రాయల్టీ కడితే అక్కడే పన్ను కోసి కట్టాలి. వడ్డీ కడితే మూలధనంతో పోలిస్తే అప్పు ఎక్కువైందా అని చూస్తారు. ధర న్యాయమైనదేనా అన్న ప్రశ్న ఎక్కడికీ పోదు. తొలి ఏళ్లలో నష్టం వచ్చే వ్యాపారానికి బ్రాంచిలో ఒక మేలు కూడా ఉంది. హెడ్డాఫీసు దేశం ప్రపంచ ఆదాయం మీద పన్ను వేసేదైతే ఆ నష్టాన్ని అక్కడి లాభంలో తీసేసుకోవచ్చు. ఒప్పందం ప్రకారం బ్రాంచి లాభాన్ని మినహాయించే దేశమైతే నష్టం కూడా లెక్కలోకి రాదు. జర్మనీలోని లిడ్ల్ బెల్జియం కంపెనీ లక్సెంబర్గ్ బ్రాంచి నష్టం కోసం యూరోపియన్ కోర్టు దాకా వెళ్లి 2008లో ఓడిపోయింది ఈ కారణంతోనే. లాభం వదిలేసిన దేశం నష్టం మోయనక్కర్లేదు, తర్వాత బ్రాంచి లాభంలోకి వచ్చినప్పుడు ఆ పాత నష్టాన్ని అక్కడే తీసేసుకోవచ్చు కదా అన్నారు. ముందు ఈ నోటీసు తేలనివ్వండి.

శాఖలెక్కలు:

చాలా చాలా థ్యాంక్స్ అండీ. ఒప్పందం దింపుకుని చూశాను. 7వ అధికరణంలో మీరు చెప్పిన రాయల్టీ, ఫీజు, కమిషను పేరా ఉంది, 2010కి ముందుదే. అంటే రాయల్టీ వదిలేయాల్సిందే. వడ్డీకి కారణమైన డబ్బులో కొంత మాత్రమే బ్యాంకు అప్పట, ఆ కాగితాలు అడిగాను.

నేరుగా అమ్మిన యంత్రాల గురించి. ఆర్డరు మీద సంతకం హెడ్డాఫీసు సేల్స్ మేనేజరుది. కానీ కొన్ని యంత్రాల విషయంలో మా సర్వీసు ఇంజనీర్లే ముందు ఫ్యాక్టరీకి వెళ్లి కొలతలు తీసుకున్నారు, ఏ మోడల్ సరిపోతుందో చెప్పారు, ధర మీద బేరం కూడా మా మేనేజరే మొదలుపెట్టారు. మిగతావాటి గురించి మాకు తెలిసిందే యంత్రం వచ్చాక. ఆఫీసర్ మాత్రం అన్నింటినీ ఒకే గాటన కట్టేశారు.

పాతలెడ్జర్:

ఒకే గాటన కట్టనివ్వకండి. ఇక్కడే మీకు గెలిచే అవకాశం ఉంది, ఇక్కడే నిజాయితీగా కొంత ఒప్పుకోవాల్సిందీ ఉంది.

ఇన్‌వాయిస్ ఎవరి పేరు మీద ఉంది, సంతకం ఎక్కడ పడింది అన్నది ఈ దశలో పెద్ద విషయం కాదు. పీఈ ఉందా లేదా అన్న తగాదా అయితే సంతకం గురించి చాలా మాట్లాడుకోవచ్చు. మీకు పీఈ ఎలాగూ ఉంది. కాబట్టి ప్రశ్న ఒకటే: ఆ అమ్మకంలో బ్రాంచి చేసిన పని ఎంత?

మొదటి రకం, మీ వాళ్లు కొలతలు తీసి, మోడల్ ఎంపిక చేసి, బేరం మొదలుపెట్టినవి. స్వతంత్ర ఏజెంటు ఎవరైనా ఇదే పని చేస్తే హెడ్డాఫీసు ఊరికే చేయించుకునేదా? కమిషను ఇచ్చేది. అంత ఆదాయం బ్రాంచికి రావాలి. యంత్రం మీద లాభమంతా కాదు, ఫ్యాక్టరీ లాభం ఫ్యాక్టరీదే, డిజైను లాభం అక్కడిదే. ఇతర దేశాల్లో మీ కంపెనీకి ఏజెంట్లు ఉంటే వాళ్లకిచ్చే కమిషను శాతమే మీకు అన్నిటికన్నా మంచి ఆధారం. ఆ ఆదాయం మీరే లెక్కవేసి జవాబులో చూపండి. ఆ పని చేసిన ఇంజనీర్ల జీతాలు, ప్రయాణాలు ఇప్పటికే మీ 250లో ఉన్నాయి, ఖర్చు ఇక్కడ రాసుకుని రాబడి అక్కడ వదిలేస్తే లెక్క కుదరదని ఆఫీసర్ అంటే దానికి మీ దగ్గర జవాబు లేదు.

రెండో రకం, మీ ప్రమేయం లేనివి. ఇక్కడ ఒప్పందం 7వ అధికరణం మొదటి పేరా మళ్లీ చదవండి. ఓఈసీడీ పాఠమైతే పీఈకి చెందే లాభమే పన్నుకి వస్తుంది, ఈ అమ్మకాలు మీవి కావు, అక్కడితో సరి. ఐక్యరాజ్యసమితి పాఠమైతే ఇంకో రెండు కొమ్మలుంటాయి, మీకు తగిలేది అమ్మకాల కొమ్మ. బ్రాంచి అమ్మే సరుకు లాంటిదే, లేదా అదే రకం సరుకుని హెడ్డాఫీసు ఆ దేశంలో నేరుగా అమ్మితే ఆ లాభం మీద కూడా బ్రాంచి దేశానికి హక్కు ఉంటుంది. ఆకర్షణ సూత్రం అంటారు. బ్రాంచిని చిన్న అమ్మకాలకి చూపి పెద్ద అమ్మకాలు పక్కదారిన నడిపించే కంపెనీలను ఆపడానికి పెట్టారు. మీ ఒప్పందంలో ఆ కొమ్మలు ఉన్నా వాదన మిగిలే ఉంది. మీరు అమ్మేది విడిభాగాలు, వాళ్లు అమ్మింది పూర్తి యంత్రాలు. ఒకే రకం సరుకా? కాదనే నేను అంటాను. గేరు కొనేవాడి అవసరం వేరు, కొత్త ప్యాకింగ్ లైను వేసుకునేవాడి అవసరం వేరు. ఇద్దరితో మాట్లాడేది కూడా వేర్వేరు మనుషులే.

యంత్రం వచ్చాక బిగించినందుకు మీకు విడిగా డబ్బు వచ్చిందా? హెడ్డాఫీసు యంత్రం ధరలోనే బిగింపు కలిపేసి, మీ మెకానిక్‌లు ఉచితంగా చేసి ఉంటే, ఆ రాబడి కూడా మీది. ఇది ఆఫీసర్ అడగకముందే చూసుకోండి. నా అనుభవంలో బ్రాంచి లెక్కల్లో ఎక్కువగా జారిపోయేది ఇదే.

ప్రతి యంత్రానికీ ఒక కాగితం తయారు చేయండి: మొదటి ఈమెయిల్ ఎవరు పంపారు, ఎవరు వెళ్లారు, ధర ఎవరు ఖాయం చేశారు, బిగింపు ఎవరు చేశారు, దానికి డబ్బు ఎక్కడ పడింది. ఈమెయిళ్లు అబద్ధం చెప్పవు. మీ వైపూ చెప్పవు, అవతలి వైపూ చెప్పవు.

సరిహద్దు:

రెండు మాటలు కలుపుతాను. ఇక్కడ పన్ను పెరిగితే హెడ్డాఫీసు దేశం ఊరటనివ్వాలి, ఆ లాభాన్ని మినహాయించడమో, ఇక్కడ కట్టిన పన్నుని అక్కడి పన్నులో తగ్గించడమో. అక్కడి రిటర్ను సవరించడానికి గడువు ఉంటుంది కాబట్టి నోటీసు కాపీ ఈరోజే వాళ్ల ట్యాక్స్ వాళ్లకి పంపండి. కంపెనీ నష్టాల్లో ఉందంటున్నారు, పన్నుకి పన్ను తగ్గించే పద్ధతి అయితే ఈ ఏడాది తగ్గించుకోవడానికి అక్కడ పన్నే ఉండకపోవచ్చు, దాన్ని రాబోయే ఏళ్లకి తీసుకెళ్లే వీలుందో అడగమనండి.

ఇక్కడి ఆర్డరు ఒప్పందానికి విరుద్ధంగా వస్తే రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకుని తేల్చే పరస్పర ఒప్పంద ప్రక్రియ ఉంది. నమూనా ఒప్పందంలో దానికి గడువు, ఆ చర్య గురించి మొదట తెలియజేసిన నాటి నుంచి 3 ఏళ్లు. మీ ఒప్పందంలో వేరేలా ఉండవచ్చు, 25వ అధికరణం దగ్గర చూడండి. ఇక్కడి అప్పీలు గడువు దానికోసం ఆగదు, రెండూ పక్కపక్కనే నడపాలి.

శాఖలెక్కలు:

మీరు అడిగింది చూశాను అండీ. బిగింపుకి విడిగా బిల్లు వేయలేదు, యంత్రం ధరలోనే కలిసి ఉంది. ఇది మా డైరెక్టర్‌కి ఎలా చెప్పాలో అర్థం కావడం లేదు, మేమే పన్ను పెంచుకుంటున్నామంటారు.

పాతలెడ్జర్:

అంకెలతో చెప్పండి. ఆ బిగింపుకి బయటి మెకానిక్‌లైతే ఎంత తీసుకునేవారో కట్టి, ఆ రాబడీ, మొదటి రకం యంత్రాల కమిషనూ 85కి కలిపి, దాని పక్కనే ఆఫీసర్ లెక్క పెట్టండి. ఆయన లెక్కలో 150తో పాటు అన్ని యంత్రాల లాభంలో వాటా కూడా ఉంది. రెండు వరుసలూ ఒకే పేజీలో చూస్తే డైరెక్టర్ గారికి వేరే వాదన అక్కర్లేదు. జవాబులో రాయల్టీ వదులుకుంటున్నామని మొదటి పేరాలోనే రాయండి, 60 తాలూకు కాగితాలు దాని వెంటనే జతచేయండి. గడువులోపు అక్కడి ఆడిటర్ ధృవపత్రం రాకపోతే అది రాలేదని చెప్పి వాయిదా అడగండి, అది లేకుండా 60 గురించి ఏమీ దాఖలు చేయకండి.